అద్భుత దీపం ఎవరిది?

పన్నెండేళ్ళు నిండి ఇరవై నిండని వయసు వారిని ఉద్దేశించి రాసే అద్భుత నవలలు ఇప్పుడు పుస్తకాల అంగళ్ళలో ఒక అల్మరా నిండా కనిపిస్తున్నాయి. కొన్ని అనువాదమై వచ్చినవి, కొన్ని తెలుగులోనే పుట్టినవి, ఎక్కువ భాగం ఆంగ్లంలోనే ఉండి కాన్వెంటు పిల్లల సంచులలో తిరుగుతున్నవి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలలో సముదాయ సేవలో ఉన్న మేము కొంతకాలంగా వీటిని వరుసగా చదువుతున్నాము. అరవై దాటినవారికి మంత్రదండాల కథలతో పనేమిటని మసీదు మెట్ల మీదే మమ్మల్ని నిలదీసినవారున్నారు. పిల్లవాడు అర్ధరాత్రి దాకా దుప్పటి కింద సెల్‌ఫోను వెలుగులో ఏం చదువుతున్నాడో తెలియని పెద్దమనిషి, ఆ పిల్లవాడి భవిష్యత్తు మీద ఉపన్యాసాలివ్వడం మాకు సమంజసంగా తోచదు. చదివాము గనుకనే ఫిర్యాదు చేస్తున్నాము.

మా ఫిర్యాదు ఇది. ఈ అద్భుత లోకాలలో మన పిల్లలకు శత్రుసేనలో చోటున్నది. బజారు వీధిలో అత్తరు అమ్ముకునే వాడిగా చోటున్నది. కథానాయకుడి కోసం ప్రాణమిచ్చి సగం కథలోనే కన్నుమూసే నమ్మిన మిత్రుడిగా చోటున్నది. రహస్య ద్వారం తెరిచి ఆ లోకంలోకి అడుగుపెట్టేవాడు, పొరపాట్లు చేసి నేర్చుకునేవాడు, ఆఖరి పుట దాకా బతికి ఉండేవాడు మాత్రం ఏనాడూ రహమతుల్లా కాడు. అద్దంలో తన ముఖం చూసుకుని తనలో ఏదో శక్తి ఉన్నదని గ్రహించే పదమూడేళ్ళ బాలిక ఏనాడూ నూర్జహాన్ కాదు.

పుస్తకాలను పేరు పేరునా చెప్పుకోవాలి గనుక చెబుతాము. హ్యారీ పోటర్ 1997లో మొదలై ప్రపంచాన్ని చుట్టి తెలుగులోకి కూడా వచ్చింది. దానిని మేము నిందించబోము. తల్లిదండ్రులు లేని బిడ్డ, మెట్ల కింది అరలో పెరిగినవాడు, శుద్ధరక్తం గలవారే మాంత్రికులు కావాలనే దురహంకారుల ముఠాను ఎదిరించే కథ అది. రక్తం పేరు చెప్పి మనిషిని బయటికి నెట్టే వ్యవహారం మన పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు. ఆ బడిలో పార్వతి, పద్మ అనే భారతీయ కవలలకు కూడా ఒక మూల చోటు దొరికింది. చదివిన మన ఆడపిల్లలు సంతోషించారు కూడా.

అమీష్ రాసిన 'మెలూహా మృత్యుంజయులు' వరుస తెలుగులో బాగానే అమ్ముడుపోతున్నది. పురాణ పురుషుణ్ణి గిరిజన నాయకుడిగా మలిచి, 'వికర్మ' అనే పేరుతో కొందరిని అంటరానివారిగా ఉంచిన చట్టాన్ని అతని చేత ప్రశ్నింపజేయడం మాకు నచ్చింది. వికలాంగులుగా పుట్టినందుకు వెలివేయబడిన నాగుల పట్ల రచయిత చూపిన సానుభూతి కూడా నచ్చింది. వెలి అంటే ఏమిటో తెలిసిన రచయిత అనుకున్నాము. అదే రచయిత పేరుమీద 2020లో 'లెజెండ్ ఆఫ్ సుహేల్‌దేవ్' వచ్చింది. దేశాన్ని రక్షించిన రాజు అని ఉపశీర్షిక. ఎవరి నుంచి రక్షించాడు? గజనీ మహమూదు తురుష్క సేనల నుంచి. మహమూదు దండయాత్రలు చరిత్రలో ఉన్నాయి, వాటిని ఎవరూ కాదనలేరు, వాటిపై నవల రాసే హక్కు ఎవరికైనా ఉన్నది. మా అభ్యంతరం ఆ పుస్తకం ఉండటం మీద కాదు. గిద్దలూరులో తొమ్మిదో తరగతి చదివే కుర్రవాడికి, తన పేరు వంటి పేర్లు గంపెడు కనబడే అద్భుత నవల ఏదని వెదికితే, ఆ జాతి పుస్తకమే చేతికి తగలడం మీద. మిగిలిన వందలో ఒక్కదానిలోనైనా అతని పేరువాడు మంచి పనో చిలిపి పనో చేస్తూ కనిపిస్తే, దండయాత్రల నవలను కూడా అతడు నవలగానే చదివి పక్కన పెట్టగలడు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. సి.ఎస్. లూయిస్ నార్నియా వరుసలో 1954 నాటి 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్' చదవండి. దక్షిణాన ఎడారి అవతల నల్లని మేనివారు, తలపాగాలవారు, వంకర కత్తులవారు, క్రూరులు ఉండే కాలోర్మెన్ అనే రాజ్యం. ఆ జాతికి పరలోకం పేర్లు ఎన్ని పెట్టినా అది ఎవరి నమూనాయో బడిపిల్లవాడు చెప్పగలడు. ఆ రాజ్యంలోనూ అరావిస్ అనే ధీరురాలైన బాలిక ఉన్నది. ఆమె గుర్రమెక్కి ఆ దేశం వదిలి ఉత్తరాదికి పారిపోతుంది గనుకనే ధీరురాలు. మంచివాడు అనిపించుకోవాలంటే ముందు తనవాళ్ళను వదలి రావాలనే షరతు డెబ్బై ఏళ్ళ కిందటిది. ఇప్పటికీ చాలా కథలలో రద్దు కాలేదు.

మన తెరమీది అద్భుతాలకు వస్తే, 2015 నాటి 'బాహుబలి'లో అస్లాం ఖాన్ అనే ఆయుధాల వ్యాపారి వస్తాడు. మంచి కత్తి అమ్మజూపుతాడు, కట్టప్పతో పోరాడతాడు, స్నేహం చేస్తాడు, అవసరమైతే కబురు పెట్టమంటాడు. వెళ్ళిపోతాడు. రెండో భాగంలో అంత యుద్ధం జరిగినా ఆయనకు కబురు వెళ్ళలేదు. మా పఠన మందిరంలో పిల్లలు ఇప్పటికీ ఎవరైనా రాకుండా ఎగగొడితే 'అస్లాం ఖాన్' అని పిలుస్తారు. నవ్వుకున్నాము గాని, ఆ నవ్వులో పిల్లలు పట్టుకున్న సంగతి చిన్నది కాదు.

ఆ పఠన మందిరం సంగతి ఒకటి చెప్పాలి. పోయిన వేసవిలో మేము పిల్లలకు కథల పోటీ పెట్టాము. మాయా ప్రపంచం గురించి ఎవరికి తోచింది వారు తెలుగులో రాయమన్నాము. రాసినవారిలో ఎక్కువమంది మన పిల్లలే. కథలు బాగున్నాయి. ఒకరు నల్లమలలో మాట్లాడే గుహ గురించి రాశారు, ఒకరు కంభం చెరువు అడుగున మునిగిన కోట గురించి రాశారు. కథానాయకుల పేర్లు చూడగా విక్రముడు, అర్జున్, ఆదిత్య, జాక్, ఎమిలీ. ఒక్క కథలోనూ రాసినవారి ఇంటి పేరు గాని, వీధిలోని పేరు గాని లేదు. కంభం చెరువు కోట రాసిన బాలికను అడిగాము: అమ్మా, నీ కథలో పిల్లకు నీ పేరే పెట్టకూడదా? ఆమె ఏమాత్రం బాధ లేకుండా జవాబిచ్చింది. "తాతా, ఆ పేరు పెడితే అది కథలాగా ఉండదు."

పాఠకులు ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలని కోరుతున్నాము. ఆ బాలికను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, బడి నుంచి వెళ్ళగొట్టలేదు. ఆమె వందల కథలు చదివి, వాటిలోని లెక్క తానే కట్టుకుని, తన పేరు కథకు పనికిరాదని తేల్చుకున్నది. సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు ముస్లిం పిల్లలలో నాలుగో వంతు దాకా బడి ముఖం చూడనివారో మధ్యలో మానినవారో అని తేల్చింది. ఆ లెక్క మనమంతా వేదికల మీద వల్లిస్తాము. బడికి వెళ్ళి, శ్రద్ధగా చదివి, బహుమతులు తెచ్చుకుంటున్న పిల్లకు చదువు ఏం నేర్పుతున్నదో అడిగే కాలమ్ ఏ నివేదికలోనూ లేదు.

ఇక అసలు విచిత్రం. ఏ కథలలో మన పేరు కథలాగా ఉండదని ఆ బిడ్డ అనుకుంటున్నదో, ఆ కథల గోడలలో సగం రాళ్ళు మన పెద్దలు మోసినవే. తెలుగువారికి అద్భుతరసం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. 1962లో నందమూరి తారక రామారావు తీసిన 'గులేబకావళి కథ' తెలియని తెలుగు ఇల్లు లేదు. ఆ కథను 1722 ప్రాంతంలో ఇజ్జతుల్లా బంగాలీ పారశీకంలో రాశాడు. 1803లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ దానిని 'మజహబె ఇష్క్' అనే పేరుతో ఉర్దూ చేశాడు. అందులో తండ్రి కంటిచూపు కోసం బకావళి పువ్వు తేవడానికి బయలుదేరిన రాకుమారుడు తాజుల్ ములూక్. తెలుగు తెరకు వచ్చేసరికి ఆయన విజయుడైనాడు. పువ్వు మిగిలింది, పేరు రాలిపోయింది. 1951 నాటి 'పాతాళ భైరవి'లో కోరినదల్లా ఇచ్చే ప్రతిమ, అల్లావుద్దీన్ దీపానికి దగ్గరి చుట్టమేనని చూసినవారెవరైనా ఒప్పుకుంటారు. 'అల్లావుద్దీన్ అద్భుత దీపం', 'బాగ్దాద్ గజదొంగ', 'ఆలీబాబా 40 దొంగలు' మా యౌవనంలో ఊరి టూరింగు టాకీసులలో నెలల తరబడి తిరిగి తిరిగి ఆడినవి. అప్పుడు కనీసం పేర్లయినా ఉన్నాయి. ఆలీబాబా తెలివైనవాడు, మర్జీనా అంతకంటె తెలివైనది, జనం ఈలలు వేశారు. హాలులో ఎవరూ ఆలీబాబా మతమేమిటని అడగలేదు.

ఈ దీపం మొత్తం మాదేనని మేము దస్తావేజు చూపించబోవడం లేదు. అల్లావుద్దీన్ కథ పాత అరబ్బీ ప్రతులలో లేదు. 1709లో పారిస్‌లో అంటాయిన్ గాలాన్ అనే ఫ్రెంచి పండితుడికి ఆ కథ చెప్పినవాడు అలెప్పో నుంచి వెళ్ళిన హన్నా దియాబ్, సిరియా క్రైస్తవుడు. మన పంచతంత్రం పహ్లవీలోకి వెళ్ళి, ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా చేతిలో అరబ్బీ 'కలీలా వ దిమ్నా' అయి, అక్కడి నుంచి యూరపు అంతా తిరిగింది. విష్ణుశర్మ నక్కలు బాగ్దాదులో బతికాయి, బాగ్దాదు దీపం విజయా స్టూడియోలో వెలిగింది. గోలకొండలో ముల్లా వజ్హీ 1635లో 'సబ్‌రస్' అనే వచన రూపక కథను దక్కనీలో రాశాడు. చుట్టూ ఉన్న ఊళ్ళ భాష తెలుగే. లక్నోలో నవల్ కిశోర్ అనే హిందూ ముద్రాపకుడు అచ్చువేసిన 'తిలిస్మె హోష్‌రుబా' సంపుటాలలో మాయలు, మాయల పోటీలు, అయ్యారుల మారువేషాలు ఎన్ని ఉన్నాయో చెప్పాలంటే ఈ పత్రిక ఏడాది సంచికలు చాలవు. ఇంత ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు పేరు మాత్రం పట్టా పుస్తకం నుంచి కొట్టివేయబడితే, కార్యాలయాలలో జీవితం గడిపినవారికి అది ఏ రకం వ్యవహారమో చెప్పనక్కరలేదు.

'సాహిత్యానికి మతం అంటగట్టకండి' అని మిత్రులు హితవు చెబుతారు. చెప్పేవారి పిల్లల పేర్లు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి గనుక ఆ హితవు వారికి సులువు. అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ అనే నల్లజాతి విదుషీమణి 1990లోనే ఈ సంగతి స్పష్టంగా చెప్పారు: పిల్లల పుస్తకం కొందరికి అద్దం, కొందరికి కిటికీ. ఒక జాతి పిల్లలకు ఎప్పుడూ అద్దాలే, మరో జాతికి ఎప్పుడూ కిటికీలే దొరికితే ఇద్దరికీ నష్టమే. అక్కడ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని ఒక కేంద్రం 1985 నుంచి ఏటా పిల్లల పుస్తకాలలో ఎవరి గురించి ఎన్ని వచ్చాయో లెక్క వేస్తున్నది. మన అకాడమీలు బాల సాహిత్యానికి బహుమతులిస్తున్నాయి, సంతోషం. ఈ లెక్క కూడా ఒకసారి వేస్తే తెలుగు దేశం మునిగిపోదు.

ఇతరులు మన గురించి రాయలేరన్న వాదన కూడా మేము ఒప్పుకోము. రిక్ రియోర్డన్ ముస్లిం కాడు. ఉత్తర యూరపు పాత దేవతల కథల మీద 2015లో మొదలుపెట్టిన 'మాగ్నస్ చేజ్' వరుసలో ఆయన సమీరా అల్ అబ్బాస్ అనే బాలికను సృష్టించాడు. ఆమె హిజాబు ధరిస్తుంది, యుద్ధవీరులను స్వర్గానికి చేర్చే వాల్కిరీ పని చేస్తుంది, మూడో పుస్తకంలో రంజాను ఉపవాసాలుంటూనే ఓడ మీద ప్రయాణిస్తుంది. అంతమంది దేవతలున్న కథలో ఒకే దేవుణ్ణి నమ్మే పిల్ల ఎలా ఇముడుతుందా అని మేము అనుమానంతోనే చదివాము. ఆ చిక్కును రచయిత దాటవేయలేదు. ఆ పిల్ల చేతనే మాట్లాడించాడు. ఒక అమెరికా ఉపాధ్యాయుడు చేసిన పని, మస్తానయ్యల, నాగూరమ్మల మధ్య పుట్టి పెరిగిన తెలుగు రచయితకు అసాధ్యమా? మా జిల్లాలో దర్గా మొక్కుల వల్ల హిందువుల ఇళ్ళలోనే ఎందరో మస్తానమ్మలు, ఖాసింలు ఉన్నారు. పీర్ల పండుగనాడు ఊరంతా అలావా చుట్టూ చేరుతుంది. ఓటర్ల జాబితాలో కలిసి ఉన్న పేర్లు నవలలోకి వచ్చేసరికి ఎందుకు విడిపోతున్నాయి?

పరదేశాల ముస్లిం రచయిత్రుల సంగతి చూస్తే కడుపు నిండుతుంది. ఎస్.ఎ. చక్రవర్తి 2017లో రాసిన 'ది సిటీ ఆఫ్ బ్రాస్' కైరో వీధులలో చిన్న చిన్న మోసాలతో పొట్టపోసుకునే నహ్రీ అనే అనాథ కథ. ఆమె పొరపాటున ఒక జిన్నును పిలుస్తుంది, అతని వెంట ఇత్తడి గోడల నగరానికి చేరుతుంది. అక్కడ జిన్నుల రాజ్యంలో సగం మనుష్యరక్తం ఉన్న 'షాఫిత్' అనే జనానికి హక్కులు లేవు. నగరం నడిచేది వారి శ్రమ మీద, పాలన మాత్రం వారిది కాదు. మధ్యలో రాజదర్బారు కుట్రలు కొంత విసిగిస్తాయి, ఆ నూరు పుటలు తగ్గించి ఉండవచ్చు. అయినా అణచివేతను ఇంత చిక్కగా, ఏ పక్షాన్నీ దేవతలను చేయకుండా చూపిన నవలను మేము ఇటీవల పెద్దల సాహిత్యంలో కూడా చదవలేదు. సబా తాహిర్ 2015లో 'యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్'తో పేరు తెచ్చుకుని, 2022లో 'ఆల్ మై రేజ్' అనే నవలకు అమెరికా జాతీయ పుస్తక బహుమతి అందుకున్నది. రెండోది అద్భుత కథ కాదు. లాహోరు నుంచి కాలిఫోర్నియా ఎడారికి వలస వెళ్ళి చిన్న మోటలు నడుపుకునే కుటుంబం, తండ్రి తాగుడు, తల్లి జబ్బు, సలాహుద్దీన్, నూర్ అనే ఇద్దరు పిల్లల చదువు. మన ఇళ్ళలో మాట్లాడుకోవడానికి సిగ్గుపడే సంగతులు అందులో ఉన్నాయి. మోటలు తీసి గిద్దలూరు స్టేషను దగ్గర టీ హోటలు పెడితే కథలో పెద్ద మార్పు రాదు. వీటిలో ఒక్కటి కూడా తెలుగులో మా కంటపడలేదు.

తెలుగులో మనవారు రాయడం లేదా అంటే, గొప్పగా రాశారు. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివి నవ్వని ఇల్లు, ఏడవని ఇల్లు ఉండవు; ఒక కావలి కుర్రవాడి బాల్యం తెలుగువారందరి బాల్యమైంది. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', స్కైబాబ 2004లో తెచ్చిన 'వతన్' ముస్లిం కథల సంకలనం, 'కాలుతున్న పూలతోట' నవలకు 2010 కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన సలీం రచనలు మనకు గర్వకారణం. కాని ఆ పుస్తకాలలో అధిక భాగం పెద్దల గాయాలను గురించినవి. గాయం రాయవలసిందే. పదమూడేళ్ళ బిడ్డకు గాయంతో పాటు గుర్రం కూడా కావాలి. ఎగిరే తివాచీ కావాలి. మన రచయితలు ఆ బిడ్డకు ఇప్పటివరకు బాధ ఇచ్చారు, ఎగరడం ఇవ్వలేదు. తానా, మంచి పుస్తకం వంటి సంస్థలు పిల్లల నవలలు ప్రచురిస్తున్న ఈ రోజులలో, అచ్చువేసేవారు లేరనే సాకు పూర్తిగా నిలవదు.

రాయడానికి సరుకు లేదా? ఒక్క మార్కాపురం చాలు. కొన్ని తరాల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడి గనుల నుంచి వెళ్ళినవి. ఆ పలకలు చేసిన పిల్లలకు బడి లేదు. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే మార్కాపురం పలకల పరిశ్రమను ఎంచుకున్నదంటే ఇక్కడి పరిస్థితి ఊహించవచ్చు. దేశానికి పలక ఇచ్చి తన పేరు రాసుకోవడం రాని పిల్లవాడు, వదిలేసిన గని గోతిలో రాతి పొరల మధ్య ఎవరో ఎప్పుడో రాసిన అక్షరాలు చూస్తే? అతని పేరు ఖాసిం అయితే? వాడితో పాటు గోతిలోకి దిగిన నేస్తం ఏడుకొండలు అయితే? ఇంతకంటె మంచి ద్వారం ఏ మాంత్రికుల బడికి ఉన్నది? దూదేకుల కుటుంబాల పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాష తెలుగే, కలలు వచ్చే భాష తెలుగే. వారికి ఉర్దూ దాస్తానులు చేతికి అందవు, తెలుగు నవలలు లోపలికి రానివ్వవు.

ఇంతవరకు బయటివారిని అన్నాము. ఇంటివారిని వదలడం న్యాయం కాదు. మన ఊళ్ళలో కొందరు పెద్దలు ఇలాంటి పుస్తకం పిల్లల చేతిలో కనబడితే లాక్కుంటున్నారు. జాదూ, జిన్నులు, అబద్ధాలు, ఇవన్నీ షైతాను మార్గమట. ఒకచోట ఒక తండ్రి కూతురి పుస్తకాన్ని చింపి పొయ్యిలో పెట్టాడని మాకు తెలిసింది. అదే ఇంట్లో రాత్రి పదింటిదాకా టీవీ సీరియళ్ళు మోగుతూనే ఉంటాయి.

ఈ పెద్దలను మర్యాదగా కొన్ని ప్రశ్నలు అడుగుతాము. దివ్య ఖురాన్‌లో 72వ సూరా పేరేమిటి? అల్ జిన్. 27వ సూరా అన్ నమ్ల్‌లో చీమ తన వారిని హెచ్చరించిన మాట విని చిరునవ్వు నవ్విన ప్రవక్త సులైమాన్ అలైహిస్సలాం కాదా? ఆయనకు దూరదేశపు రాణి వార్త తెచ్చినది హుద్‌హుద్ పక్షి కాదా? 12వ సూరాలో యూసుఫ్ అలైహిస్సలాం వృత్తాంతం 'అహ్‌సనుల్ ఖసస్', వృత్తాంతాలలో అత్యుత్తమమైనది అని చెప్పబడలేదా? దైవవాక్కును కల్పిత కథతో సమానం చేస్తున్నామని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. అద్భుతం అనే మాట వినగానే ఉలిక్కిపడే అలవాటు మన ధర్మం నేర్పినది కాదని మాత్రమే అంటున్నాము. మంత్రతంత్రాలను ఆచరించడం వేరు, మంత్రగాడు ఓడిపోయే కథ చదవడం వేరు. ఈ రెంటికీ భేదం మా పఠన మందిరంలోని ఏడో తరగతి పిల్లకు తెలుసు.

పన్నెండో శతాబ్దంలో అందలూసియాలో ఇబ్న్ తుఫైల్ అనే హకీము 'హయ్ ఇబ్న్ యక్జాన్' రాశాడు. మనుషులు లేని దీవిలో లేడి పాలు తాగి పెరిగిన బాలుడు, ఆ లేడి చనిపోయినప్పుడు ప్రాణం ఎక్కడికి పోయిందని వెదుకుతూ, తన బుద్ధితోనే సృష్టికర్త దాకా చేరుకునే కథ. దాని ఆంగ్లానువాదం 1708లో వచ్చింది. రాబిన్సన్ క్రూసో వచ్చినది 1719లో. బస్రాలో ఇఖ్వానుస్సఫా పండితులు పదో శతాబ్దంలోనే జంతువులన్నీ కలిసి మనిషి మీద జిన్నుల రాజు న్యాయస్థానంలో దావా వేసిన కథ రాశారు. ఇంకా దగ్గరికి రండి. 1905లో మద్రాసులో కమలా సత్యనాథన్ నడిపిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో బెంగాలు నుంచి బేగం రుకయ్యా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ ప్రచురించింది. అందులో పురుషులు ఇళ్ళలో పరదాలో ఉంటారు, స్త్రీలు సూర్యరశ్మితో వంట చేస్తారు, మేఘాల నుంచి నీరు తీసుకుంటారు, గాలిలో ప్రయాణిస్తారు. హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు కలిసి చదివిన పత్రిక అది. మార్కాపురం కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. నూట ఇరవై ఏళ్ళ కిందట ఒక ముస్లిం స్త్రీ విమానం గురించి ఊహించి ఆడపిల్లల బడి పెట్టింది. ఇవాళ ఆమె వారసులం మేమేనని చెప్పుకునేవారు ఆడపిల్ల చేతి పుస్తకాన్ని పొయ్యిలో పెడుతున్నారు. ఇక పుస్తకాలు కావాలని ఎవరిని అడగాలి, ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

అయినా అడగాలి. అడగవలసిన చోటు దగ్గరలోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 నాటిది. దాని కింద ఆస్తిపన్ను ప్రతి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతున్నది. ఆ రసీదులో మతం కాలమ్ లేదు. మన ఇళ్ళ నుంచీ పైసలు అంతే వెళుతున్నాయి. 2022లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. శాఖా గ్రంథాలయంలో ఉర్దూ పిల్లల పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, జాతీయ ఉర్దూ మండలి ప్రచురించే 'బచ్చోఁ కీ దునియా' మాసపత్రిక వస్తున్నదో లేదో మీ ఊళ్ళో ఒకసారి వెళ్ళి చూడండి. పోటీ పరీక్షల గైడ్లు ఉంటాయి, వాటి అవసరం కాదనము. పక్కనే ఒక అర పిల్లలకు ఉండాలి.

మేము తయారుచేసిన అర్జీలో ఉన్నవి ఇవి: జిల్లా గ్రంథాలయ సంస్థ కొనుగోలు జాబితాలో తెలుగు ముస్లిం రచయితల పుస్తకాలు చేర్చాలి. ఉర్దూ, తెలుగు పిల్లల పుస్తకాలకు వేరే పద్దు చూపాలి. 'సుల్తానాస్ డ్రీమ్', 'హయ్ ఇబ్న్ యక్జాన్' వంటివాటిని పిల్లలకు తగిన తెలుగులో వేయించవలసిందిగా రాష్ట్ర అకాడమీలకు సిఫారసు చేయాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట వారు తమ శాఖా గ్రంథాలయంలోని సూచనల పుస్తకంలో కూడా ఇవే రాయాలి. సంతకం కింద చిరునామా స్పష్టంగా ఉండాలి. అర్జీ రెండు ప్రతులు తీసుకువెళ్ళి, రెండోదాని మీద తేదీతో స్వీకరణ ముద్ర వేయించుకోవాలి. జవాబు రానిపక్షంలో సమాచార హక్కు చట్టం కింద, గత మూడేళ్ళలో పిల్లల విభాగానికి కొన్న పుస్తకాల జాబితా భాషల వారీగా ఇవ్వమని జిల్లా కార్యాలయాన్ని కోరవచ్చు. రుసుము పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. సూచనల పుస్తకంలో మొదటి సంతకం పిల్లల చేతనే పెట్టించండి, వారి సొంత పేరుతో.